పట్టా మీద ఫొటో

పొద్దున్న ఏడు దాటినా కొండ మీద మంచు కదల్లేదు. జబ్బు చేసిన అన్న ఇంట్లో నాలుగు నెలలుండి రాత్రే తిరిగొచ్చిన కనక పొయ్యి రాజేసి చోడి అంబలి ఎక్కించింది. పొగ పైకి లేచి అటకను తాకగానే వంటింట్లోకి ఒక పాడు వాసన దిగింది. తడిసిన గోనెలో ఆకు కుళ్ళితే వచ్చే వాసన. కనక తలెత్తి చూసింది.

ఆ అటక మీద ఏడాది పొడుగునా విత్తనాలుంటాయి. చోడ్లు అనే రాగులు, సామలు, మొక్కజొన్న కంకులు. ఇక్కడి తేమకి పొయ్యి పైన పొగ తగిలేచోట పెడితేనే విత్తనం నిలుస్తుంది. ఇప్పుడక్కడ ఒక్క గింజ లేదు. చాప పరిచి ఆకుపచ్చ గుత్తులు ఆరబోసి ఉన్నాయి. కొన్నింటికి బూడిదరంగు బూజు పట్టింది.

"నిర్మలా, ఇదేటే?"

కోడలు తల ఎత్తలేదు. "నీ కొడుకుని అడుగత్తా. నాను సెప్పీ సెప్పీ నోరు నొప్పెట్టింది."

సురేంద్ర ఊటనీళ్ళ బిందెతో గుమ్మంలోకి వచ్చి, తల్లి ఎటు చూస్తోందో చూసి ఆగిపోయాడు.

"గంజాయేనా?" అంది కనక.

"పాత రకం కాదమ్మా. సరుకు కొనే ధర్మతేజ ఏదో పొడి దేశం ఇత్తనం ఇచ్చినాడు. నడుం దాకానే ఎదుగుతాది, ఆకు ఎడల్పు. కంది సాళ్ళ మజ్జన ఏత్తే పైన తిరిగే డ్రోనుకి కూడా కనపడదు."

"మరి బూజేటి?"

"గుత్తి బాగా బిగువు. మంచు లోపలికెళ్ళి కూకుంటంది. పైకి పచ్చగానే ఉంటాది, ఇప్పి సూత్తే లోన కుళ్ళు. ఎండ లేదు కదా, అందుకే పొయ్యి మీద పెట్టినాను."

"పొడి దేశం మొక్కని తెచ్చి మంచులో ఏసినావు. సానా తెలివైనోడివి. నా ఇత్తనాలేవి?"

వెనక పంచలో ఒక సంచీలో కుక్కి ఉన్నాయి. కనక చెయ్యి పెట్టి చూసింది. జ్వరం వచ్చిన ఒంటిలా వెచ్చగా తగిలింది. చోడ్లు ముద్ద కట్టాయి. కంకుల మీద తెల్లగా మొలకలు.

"సంతలో కొంటాన్లేమ్మా."

"సంతలో మీ నాన్న దొరుకుతాడేటి? ఆ సామలు మీ నాన్న వెన్ను వెన్నూ ఏరి దాసినవి." భీముడు చనిపోయి ఆరేళ్ళయింది. ఆ సామలు మాత్రం ఏటా వేస్తూ, ఏటా దాస్తూ వచ్చింది కనక. ఆమె చేతులు దులుపుకుంది. "ఏ పొలంలో ఏసినావు?"

సురేంద్ర బిందె దించి మూత సరిచేయసాగాడు. నిర్మలే చెప్పింది. "మీద పొలంలో. నీ పట్టా పొలం అత్తా."

అది అడవి భూమి. పట్టా కోసం కనకా భీముడూ ఏడుసార్లు ఆఫీసుకి నడిచారు. కాగితం మీద ఇద్దరి ఫొటోలూ ఉన్నాయి. ఇప్పుడు బతికున్న ఫొటో ఒకటే.

"కింద పొలం నీ పేరున ఉంది కదా. అక్కడెందుకెయ్యలేదు?"

"అది దారి పక్కన..."

"రెండూ దారికి ఒకటే దూరం. నన్ను సూసి సెప్పు."

వాడు చూడలేదు. "పోలీసులొచ్చినా ముసలోళ్ళని ఏటీ సెయ్యరని ధర్మతేజ అన్నాడు."

పొయ్యి మీద అంబలి పొంగింది. ఎవరూ దించలేదు.

"అంటే తెలీక ఏసింది కాదు," అంది కనక. "ఆలోసించే ఏసినావు."

ఈ కొండల్లో లెక్క అందరికీ తెలుసు. మొక్క వేసినవాడు జైల్లో, మూట మోసినవాడు జైల్లో, లారీ పంపినవాడు మేడలో. ధర్మతేజ లాంటి పల్లపు మనిషి ఆ లెక్కే చెబుతాడు, అది వాడి వ్యాపారం. ఆ లెక్కలో తల్లిని కూర్చోబెట్టడానికి మాత్రం కొడుకు ఒప్పుకోవాలి. వీడు ఒప్పుకున్నాడు.

"నన్నేటి సెయ్యమంటావు మరి?" సురేంద్ర గొంతు లేచింది. "అల్లం రెండేళ్ళు కుళ్ళిపోనాది. అరకు రిసార్టులో టూరిస్టుల ఎంగిలి పళ్ళేలు కడిగినాను. నాకన్నా సిన్నోళ్ళు ఒరే అని పిలిసేవోరు. మళ్ళీ ఎల్లను."

"ఎల్లమని నాను సెప్పినానా? నువ్వు కడగలేని ఎంగిలి నన్ను కడగమంటన్నావు, జైల్లో."

ఆమె కొడవలి తీసుకుని బయలుదేరింది. నిర్మల పొయ్యి ఆర్పి వెనకే నడిచింది.

"నాలుగు రోజులాగమ్మా. సగం బాగున్నాయి," అంటూ వాడూ పడ్డాడు వెంట.

"బాగున్నవే ముందు పీకుతాను."

కంది చాళ్ళ మధ్య మొక్కలు బలిసి ఉన్నాయి. కనక వంగి ఒక్కొక్కటే పెకలిస్తోంది. వేరు రాకపోతే కొడవలితో తవ్వుతోంది. సురేంద్ర చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

కింద ఘాటీ రోడ్డు మలుపులో జీపు శబ్దం వినిపించింది.

సురేంద్ర ఆలోచించలేదు. గట్టు దూకి పొదల్లోకి పరిగెత్తాడు. ముళ్ళలో బోర్లా పడుకుని వెనక్కి చూశాడు. పొలం మధ్యలో అమ్మ నిలబడి ఉంది, చేతిలో మొక్కతో. పరిగెత్తలేదు, మొక్క పారెయ్యలేదు. నిర్మల వెళ్ళి అత్త పక్కన నిలబడింది.

జీపులోంచి పాటలు వినిపించాయి. టూరిస్టులు. అది కింద టైడా ఊరి వైపు దిగిపోయింది.

సురేంద్ర పొదలోంచి వచ్చాడు. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. కనక ఇంకో మొక్క దగ్గరకి వంగింది. వాడు ఆమె చేతిలోంచి కొడవలి తీసుకున్నాడు. మంచివీ కుళ్ళినవీ చూడకుండా చాలు మొదటినుంచి పీకుతూ పోయాడు.

రెండు చాళ్ళు అయ్యేసరికి ఫోను మోగింది. ధర్మతేజ. ఆ గొంతు పక్కనున్నవాళ్ళకి కూడా వినిపించేంత పెద్దది.

"రేపు బండి వస్తంది. సరుకు ఎంత?"

కుళ్ళిపోయిందని చెప్పొచ్చు. వాడు నమ్ముతాడు కూడా. సురేంద్ర చేతిలోని మొక్కని గట్టు మీదకి విసిరాడు.

"ఏటీ లేదు. పీకేత్తన్నాం."

"పిచ్చెక్కిందేటి? ముసల్దాని పొలమే కదా, నీకేటి భయం?"

"ఆ ముసల్ది మా అమ్మ. జీపు సప్పుడింటే నాను పారిపోనాను. అమ్మ నిలబడింది. ఇంక నాకు ఫోను సెయ్యకు."

కనక గట్టు మీద కూర్చుండిపోయింది. పొద్దుటినుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. సురేంద్ర వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఎవులైనా వత్తే నాను ఏసినానని నానే సెప్తానమ్మా. నీ పేరు రానివ్వను."

కనక వాడి మోచేతుల మీద రక్తం చూసింది. కొంగుతో తుడిచింది.

"ఇత్తనాలు ఊళ్ళో అడగాలి. ఎలాగ పోనాయో ఇంటింటికీ నువ్వే సెప్పాలి."

"సెప్తాను."

"అయితే లే. ఆ మూలన ఇంకా ఉన్నాయి."

సురేంద్ర కళ్ళు తుడుచుకుని ఆ మూలకి నడిచాడు.