అక్షరాలను మింగిన బ్రహ్మరాక్షసుడు

పూర్వం కుసుమగిరి రాజ్యంలో ఒక గొప్ప పుస్తక భాండాగారం ఉండేది. ఏ కోట ఎవరు కట్టించారో, ఏ ఊళ్లో ఏ పాట పుట్టిందో, ఏ నేతగాడు ఎలాంటి అంచు నేసేవాడో అన్నీ అక్కడి తాళపత్రాల్లో రాసి ఉండేవి. వీరుల కథలను రంగురంగుల బొమ్మలుగా గీసిన పటాలూ ఉండేవి. ఇంత ఉండి ఏం లాభం? భాండాగారి గుణనిధి వాటికి ఏడు తాళాలు వేసి కాపలా కాసేవాడు. చూస్తామని ఎవరైనా వస్తే, "మీ చేతి చెమట తగిలితే ఆకులు పాడైపోతాయి" అని గుమ్మంలోంచే పంపేసేవాడు. చెడ్డవాడు కాదు పాపం, పుస్తకాలంటే అతనికి ప్రాణం.

ఒకరోజు జయధ్వజ మహారాజు తన ముత్తాత చరిత్ర వినిపించమన్నాడు. గుణనిధి కట్ట విప్పి కొయ్యబారిపోయాడు. ఆకుల మీద ఒక్క అక్షరం లేదు! పటాల మీద రంగూ లేదు!

"అసలు గ్రంథాలు పొరుగు రాజుకు చేరవేసి, ఉత్త ఆకులు పెట్టావా? పౌర్ణమిలోగా అవి తిరిగి రాకపోతే నీకు దేశ బహిష్కారం!" అని రాజు మండిపడి అతన్ని చెరసాలలో వేయించాడు. పౌర్ణమికి పది రోజులే ఉంది.

గుణనిధికి విరజ ఒక్కతే కూతురు. పదహారేళ్లకే గంటం పట్టి ఆకుల మీద చకచకా రాయగలదు. చెరసాలలో ఉన్న తండ్రి దగ్గరకు ఆమె పరుగున వెళ్లింది.

"గంటం గీతలు అలాగే ఉన్నాయి తల్లీ. వాటిలో నింపిన మసే మాయమైంది. మళ్లీ పూస్తే నిలవడం లేదు. ఇలాంటి మాయ నల్లకోన బ్రహ్మరాక్షసుడికే తెలుసంటారు. నువ్వు మాత్రం అటు వెళ్లకు!" అన్నాడు గుణనిధి.

వెళ్లకు అంటే ఆగే పిల్లేనా విరజ? గంటం, కాసిని ఖాళీ ఆకులు మూట కట్టుకుని అప్పుడే బయలుదేరింది.

మూడోనాడు ఒక కనుమలో రెండు తలల గండభేరుండ పక్షి ఆమెకు అడ్డంగా వాలింది. "ఓ పిల్లా! దీన్ని కన్నీటికనుమ అని ఎందుకంటారో చెప్పు. చెప్పలేకపోతే నిన్ను మింగేస్తాను!"

 విరజ అబద్ధం చెప్పలేదు. "నాకు తెలియదు పక్షిరాజా. మా పుస్తకాల్లోనూ లేదు. నువ్వు చెప్పు, రాసుకుంటాను."

పక్షి తెల్లబోయింది. "నూరేళ్లుగా నేనే అందరినీ అడుగుతున్నాను. చెప్పమని నన్ను అడిగిన మనిషివి నువ్వే!" అంటూ, కరువులో మంద కోసం ఒంటరిగా, కన్నీళ్లు కారుస్తూ ఇక్కడ ఊట తవ్విన గొల్లపిల్ల కథ రెండు నోళ్లతోనూ చెప్పింది. విరజ అంతా రాసుకున్నాక పక్షి ఆమెను లోయ దాటించి, "తిరుగు ప్రయాణంలో పిలువు" అంది.

లోయకు అవతల ఏటి ఒడ్డున ఒక రాక్షసి మగ్గం ముందు కూర్చుని ఉంది. "ఏమే, నా మధ్యాహ్నం భోజనానివి నువ్వేనా?" అని గర్జించింది.

"తర్వాత తిందువు గాని అవ్వా, ముందు ఆ అంచు చూడనీ! నెమళ్లు ఎంత బాగున్నాయి!" అంది విరజ.

రాక్షసి మొహం వాడిపోయింది. "మా అమ్మ నేర్పిన అంచు. నాతోనే పోతుంది."

"పోనివ్వను. ఒక్కొక్క పోగూ చెప్పు, ఆకు మీద గీస్తాను."

పొద్దు వాలేదాకా ఇద్దరూ ఆ పనిలో పడ్డారు. రాక్షసికి భోజనం మాటే గుర్తు రాలేదు. చివరికి ఆమె విరజను భుజాన ఎక్కించుకుని ఏరు దాటించింది.

నల్లకోనలో బ్రహ్మరాక్షసుడు కొండంత ఎత్తున కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. విరజ తానెవరో చెప్పి, వాటిని తిరిగి ఇమ్మని అడిగింది.

"పూర్వజన్మలో ఆ భాండాగారానికి నేనే అధికారిని. ఒక్క ఆకునూ ఎవరి చేతికీ ఇవ్వలేదు, అందుకే ఈ రూపం వచ్చింది. మీ నాన్నా అంతేగా? ఎవరూ చదవని అక్షరాలు నా దగ్గరుంటే తప్పేమిటి?" అన్నాడతను.

ఆ మాట విరజకు చురుక్కుమని తగిలింది. అందులో అబద్ధం లేదు మరి. అయినా తండ్రి గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకుంది. "తాతా, వాటిని నాకు చదివి వినిపించు. నేను వింటాను."

బ్రహ్మరాక్షసుడు ఉలిక్కిపడ్డాడు. "వినేవాళ్లుంటే ప్రతి అక్షరం తన చోటికి వెళ్లిపోతుంది, నాకూ విముక్తి కలుగుతుంది. కానీ మధ్యలో నువ్వు ఒక్కసారి కునికినా అన్నీ మళ్లీ నావే. నువ్వూ నా దానివే!"

"మొదలుపెట్టు," అంది విరజ.

మూడు రోజులు అతను చదివాడు. ఆమె ప్రతి మాటనూ పైకి అంటూ నిద్రను తరిమింది. గొంతు బొంగురుపోయింది, కళ్లు నిప్పుల్లా మండాయి. చదివిన అక్షరమల్లా కుసుమగిరి వైపు ఎగిరిపోయింది, వెంటే రంగులూ వెళ్లాయి. చివరి మాట పూర్తి కాగానే బ్రహ్మరాక్షసుడు మామూలు ముసలివాడిగా మారి, ఆమె తల నిమిరి, చిరునవ్వుతో అదృశ్యమయ్యాడు.

పౌర్ణమినాడు గండభేరుండం ఆమెను నగరం వెలుపల దించింది. అప్పటికే రాజు ఎదుటే భటులు గుణనిధిని పొలిమేర దాటిస్తున్నారు! అక్షరాలు తిరిగొచ్చాయి, నిజమే. కానీ ఏడు తాళాల వెనక అవి ఉన్న సంగతి ఎవరికి తెలుస్తుంది?

"మహారాజా! ఒక్కసారి తలుపులు తీయించండి!" అని విరజ కేక పెట్టింది.

తాళాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గుణనిధి కట్ట విప్పాడు. ఆకు నిండా నల్లని అక్షరాలు నిగనిగలాడాయి! రాజు సింహాసనం మర్యాద మరిచి గుణనిధిని కౌగిలించుకుని, "తప్పు నాది. అమ్మా, అర్ధరాజ్యం కోరుకో!" అన్నాడు.

"రాజ్యం వద్దు ప్రభూ. ఈ తలుపులు అందరికీ తెరిచి ఉంచితే చాలు," అంది విరజ.

"ఆకులు చిరిగిపోతాయి తల్లీ!" అన్నాడు గుణనిధి, అలవాటు కొద్దీ.

"చిరిగితే మళ్లీ రాద్దాం నాన్నా."

గుణనిధి గుమ్మం వైపు చూశాడు. ఊరంతా అక్కడే ఉంది. "లోపలికి రండి, చేతులు కడుక్కుని మరీ రండి!" అని పిలిచాడు. జనం విరజకు జేజేలు కొడుతూ వెల్లువలా లోపలికి వచ్చారు. కొత్త భాండాగారిగా ఆమెను కూర్చోబెట్టి, గుణనిధి మొదటి ఆకును ఒక కుమ్మరి పిల్ల చేతిలో పెట్టాడు. ఆ పిల్ల కూడబలుక్కుంటూ చదువుతుంటే, మహారాజుతో సహా అందరూ కింద కూర్చుని విన్నారు.