నూట పదిహేడో గూడు

"రాయమల్లుది యాక్సిడెంట్ కాదు. హత్య," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఆరు. శ్రీరాంపూర్ శివార్లలోని బొగ్గు గని. బ్యాటరీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లో ఉన్న ఏజెంట్ అరుణ్‌కుమార్ ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించాడు.

"గని సిస్టమ్ ఆపరేటర్ అతను. నెట్‌వర్క్‌లోకి విదేశీ ముఠా దూరిందని కనిపెట్టాడు. మూడు నెలల క్రితం లారీతో గుద్దించారు. ఇవాళ సరిగ్గా రెండింటికి గనిలోకి గాలి పంపే ఫ్యాన్ల సర్వర్లు రీబూట్. టైమర్ లాక్ వాళ్ళ చేతిలో ఉంది, మనం ఆపలేం."

ఆగి మళ్ళీ నిద్రలేచిన సర్వర్‌కు తానెవరో గుర్తుండదు. నా అడ్రసేది, నేనేం చెయ్యాలి అని నెట్‌వర్క్‌నే అడుగుతుంది. ముందు ఎవరు బదులిస్తే వాళ్ళ మాటే వేదం. ఇవాళ ముందు పలికేది శత్రువు దొంగచాటుగా తగిలించిన పెట్టె. ఫ్యాన్లు ఆగుతాయి, తెరమీద మాత్రం తిరుగుతూనే ఉంటాయి. లోపల మూడువందల పన్నెండు మంది. అందరినీ పైకి తేవాలంటే గంటన్నర కావాలి.

సర్వర్ల కంపెనీ ఇంజనీరు హర్షిణి ముఠాలో ఉంటూ మనకు కబుర్లందించే మనిషి. అందం, ఇంగ్లీషు, సెంటు మూడూ ఘాటే. పొద్దున్నే ఆమె నుంచి కోడ్‌వర్డ్‌తో కబురు వచ్చింది: "తంగేడు పూసింది. పెట్టె సర్వర్ రూమ్‌లో."

గదంతా తిరగేసినా పెట్టె లేదు. చివరికి నెట్‌వర్క్ స్విచ్‌లో చూస్తే కొత్త మెషిన్ ఒకటి ల్యాంప్ రూమ్ కేబుల్ మీద కనిపించింది. హర్షిణి అబద్ధమాడింది. అరుణ్ పరుగు తీశాడు.

ఒంటిగంటా యాభై తొమ్మిది. ల్యాంప్ రూమ్ గోడల నిండా కార్మికుల దీపాల చార్జింగ్ గూళ్ళు, వందల లైట్లు. కౌంటర్ దగ్గర రాయమల్లు భార్య దుర్గవ్వ ఉంది. భర్త పోయాక ఇచ్చిన ఉద్యోగం.

"అక్కా, రాయమల్లును సంపిన ముఠా ఈడ ఓ పెట్టె దాచింది. గీ గూళ్ళల్ల కొత్తగ ఏమన్న వెట్టిన్రా? జల్ది చెప్పు!"

దుర్గవ్వ ఓ గూడు వైపు వేలు చూపింది. "నూట పదిహేడు మా ఆయనది సార్. సచ్చిపోయినోని నంబరు ఏడాది దాక ఎవ్వలకియ్యరు, ఖాళీగనే ఉండాలె. మొన్నటిసంది దాంట్ల లైటు ఎలుగుతుంది. మేడం వెట్టింది. ముట్టద్దన్నది."

"ముట్టొద్దనే అన్నాను," అంది గుమ్మంలోంచి హర్షిణి. చేతిలో పిస్టల్.

అరుణ్ గూటి వైపు దూకాడు. తూటా భుజంలో దిగింది, నేల మీద కూలబడ్డాడు. రెండింటికి ఇంకా ఇరవై సెకన్లు.

"మా ఆయన పేరు వాళ్ళకు చెప్పింది నువ్వేనా?" అంది దుర్గవ్వ.

హర్షిణి చూపు దుర్గవ్వ వైపు తిరిగింది. ఆ ఒక్క క్షణం చాలింది. పడివున్న అరుణ్ ఆమె కాళ్ళు పట్టి లాగాడు. దుర్గవ్వ గూట్లో చెయ్యి పెట్టి వైర్లతో సహా పెట్టెను పీకేసింది.

రెండు. సర్వర్లు లేచి అడిగాయి. ఈసారి గని అసలు సర్వరే బదులిచ్చింది. బయట ఫ్యాన్ల హోరు ఆగలేదు.

హర్షిణిని గార్డులు తీసుకుపోయారు. దుర్గవ్వ కొంగుతో ఆ గూడు తుడిచి, అప్పుడు ఏడ్చింది.

అంబులెన్స్‌లో ఉండగా చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఏ టూల్ వాడావు?"

"దుర్గవ్వ."

"కొత్తదా? వెర్షనెంత?"

"నలభై రెండేళ్ళు సార్. భర్త లేడు."