నలభై ఒకటో నంబరు తల్లి

కళ్లద్దాల షాపులో పనిచేసేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. ఎదుటి మనిషి "ఏమో, అలాగే కనిపిస్తోంది" అంటే ఊరుకోలేరు. కనిపిస్తోందా లేదా, అది తేలాలి. ఇరవై రెండేళ్లుగా గోడ మీది అట్ట చూపించి జనం చేత అక్షరాలు చదివిస్తున్న ఆవిడకి ఆ జబ్బు ముదిరి, కింద షాపులోంచి మెట్లెక్కి పైనున్న ఇంట్లోకి కూడా వచ్చింది. ఇంట్లో తేలనిది ఒక్కటే. నాన్నని కన్నదెవరు?

నాన్నకి డెబ్బై ఆరు. పెరిగింది అనాథాశ్రమంలో. బతుకంతా ఆ ఊసే ఎత్తని మనిషి, గొంతుకి రేడియేషన్ ఇప్పించుకుని మంచం పట్టాక ఒకటే పట్టు పట్టాడు. "మా అమ్మెవరో తెలిస్తే చాలమ్మా. ఇంకేం అడగను" అని. డాక్టరు ఆర్నెల్లన్నాడు. అందులో నాలుగు నెలలు ఆశ్రమం ఆఫీసు చుట్టూ తిరగడానికే సరిపోయాయి.

అక్కడి గుమస్తాది ఒకటే జవాబు, రేపు రండి అని. బీరువా తాళం కనబడదు, తాళం కనబడిన రోజు రిజిస్టరు కనబడదు, రెండూ ఉన్న రోజు గుమస్తా కనబడడు. చెప్పులరిగేలా తిరిగితే చివరికి పుస్తకం తీశాడు. నలభై ఒకటో నంబరు. నాన్న పేరు. పక్కన తల్లి పేరు. కింద ఒక వాక్యం: "తలదాచుకునే చోటు దొరకగానే వచ్చి తీసుకువెళ్తానని చెప్పినది." ఊరు లేదు, వయసు లేదు. ఆ పేరున్న ఆడవాళ్లు ఏ వీధిలో వెతికినా ఇద్దరు దొరుకుతారు.

ఆ కాగితం జిరాక్సు తీయించి తెచ్చిస్తే నాన్న దిండు కింద దాచుకున్నాడు. రోజూ మధ్యాహ్నం ఒంటరిగా ఉన్నప్పుడు బయటికి తీసి, ఆ పేరు మెల్లగా అనుకునేవాడు. తర్వాత, "అమ్మా, నేనిక్కడున్నాను" అనేవాడు. మెట్ల మీద నిలబడి వింటే ఆవిడకి జాలేసేది. అంతకు మించి ఒళ్లు మండేది కూడా. పేరొక్కటి చేతిలో పెట్టి చుట్టూ చీకటి వదిలేస్తే ఏం చేసుకోవాలి?

అందుకే డీఎన్ఏ పరీక్ష. రక్తసంబంధం ఉన్నవాళ్లెవరైనా అంతకుముందు పరీక్ష చేయించుకుని ఉంటే బయటపడతారని ల్యాబువాళ్లు చెప్పారు. ఒక చిన్న గొట్టం పంపారు. దాని మీద ఒక గీత. ఆ గీతదాకా ఉమ్మి నింపి, మూత బిగించి పంపాలి. అంతే.

అంతే అనడం తేలిక. రేడియేషన్ తర్వాత నాన్న నోట్లో తడి అనేదే లేదు. ముద్ద మింగాలంటే నీళ్లు కావాలి, మాట్లాడాలంటే నీళ్లు కావాలి. అరగంట తంటాలు పడితే గొట్టం అడుగు మాత్రం తడిసింది. ఆవిడ దాన్ని మంచం పక్కన బల్ల మీద నిలబెట్టి, "కొంచెం కొంచెం ఊరినప్పుడల్లా వెయ్యి నాన్నా" అని చెప్పి షాపుకి దిగింది.

మూడింటికి వచ్చి చూస్తే గొట్టం సరిగ్గా గీతదాకా నిండి ఉంది. నాన్న నిద్రపోతున్నాడు. "పర్వాలేదే, ఘటికుడివి" అని మురిసిపోయి, మూత బిగించి పంపించేసింది.

మూడు వారాలకి ల్యాబు అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, ఇందులో ఇద్దరి ఉమ్మి ఉంది. పరీక్షకి పనికిరాదు. మళ్లీ పంపండి."

"ఇద్దరిదా? ఇంట్లో ఉండేదే నేనూ మా నాన్నా. నేనేమైనా అందులో ఉమ్మానా?"

"మరెవరో వేశారు మేడమ్."

ఆవిడ ఫోన్లోనే ఆ అమ్మాయిని కడిగేసింది. మీ అజాగ్రత్త మా నెత్తిన రుద్దుతారా, మా నాన్నకున్న రోజులెన్నో తెలుసా అని అరిచింది. అరిచాక ఏడుపొచ్చింది. ఆర్నెల్లలో మిగిలింది ఐదు వారాలు.

రెండో గొట్టం వచ్చిన రోజు షాపు మూసి, నాన్న మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం రెండు. బయట ఎండ. కిటికీ తెర గోడకి అంటుకుపోయి ఉంది, గాలి లేదు. ఈసారి కూడా గొట్టం అడుగే తడిసింది. నాన్న అలసిపోయి కళ్లు మూసుకున్నాడు. కాస్త గోరువెచ్చని నీళ్లిస్తే నోరు తడుస్తుందేమోనని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. గిన్నె పొయ్యి మీద పెట్టింది.

అప్పుడొచ్చింది వాసన. పచ్చిపాల వాసన. ఇంట్లో పాలు లేవు, అసలు నాన్నకి పాలు పడక వారం అయింది. అయినా పసిపిల్లాడి చొక్కా దగ్గర వచ్చే ఆ పులిసిన తీపి వాసన గదిలోంచి వంటింట్లోకి నడిచి వచ్చినట్టు వచ్చింది.

తర్వాత చప్పుడు... చాలా చిన్నది. టప్. కాసేపాగి మళ్లీ... టప్.

ఆవిడ గబగబా గదిలోకి వచ్చింది. నాన్న అలాగే పడుకుని ఉన్నాడు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. చేతులు దుప్పటి లోపల ఉన్నాయి. బల్ల మీద గొట్టం గీతదాకా నిండి ఉంది. పైన నురగ ఇంకా ఉంది. బుడగలు ఒక్కొక్కటే పగులుతున్నాయి... ఇప్పుడే ఎవరో వంగి లేచినట్టు.

తలుపు గడియ వేసే ఉంది. మంచం కింద చూసింది. తలుపు వెనక చూసింది. ఎవరూ లేరు.

వేరే మనిషైతే ఆ గొట్టాన్ని కిటికీలోంచి పారేసేది. ఆవిడ మూత బిగించి మళ్లీ పంపింది. భయం వేసింది, నిజమే. కానీ అది ఎవరిదో తేలకపోతే ఆ భయానికి అంతుండదని ఆవిడకి తెలుసు. పైగా మనసులో ఒక మూల చిన్న ఆశ. ఆ రెండో మనిషి నాన్నమ్మే అయితే?

ఈసారి పదిహేను రోజులకే ఫోన్ వచ్చింది. ల్యాబు అమ్మాయి గొంతు తగ్గించి మాట్లాడింది. "మళ్లీ ఆ ఇద్దరే మేడమ్. ఒకరు మీ నాన్నగారు. రెండో మనిషి ఆడావిడ. మీరు కాదు, కూతురైతే ఇట్టే తెలిసిపోతుంది."

"ఆవిడ మా నాన్నకి... తల్లి అవుతుందా?"

"కాదు మేడమ్. ఏమీ కాదు. దూరపు చుట్టరికం కూడా లేదు."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. నాలుగు నెలల తిరుగుడు, రెండు గొట్టాలు, చివరికి ఎవరో దారినపోయే మనిషి. విసుగుతో తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేరుగా ఆశ్రమానికి వెళ్లి గుమస్తా బల్ల ముందు నిలబడింది. "ఆ నలభై ఒకటో నంబరు సంగతి ఇవాళ తేల్చందే నేను కదలను."

గుమస్తా తాళం చెవులు తీసుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్లి ఇంకో రెండు పుస్తకాలు తెచ్చాడు.

"అప్పట్లో చొక్కాల మీద, కంచాల మీద, మంచాల మీద నంబరు వేసేవాళ్లమ్మా. ఒక పిల్లాడు పోతే అవన్నీ మార్చడం ఎందుకని, తర్వాత వచ్చినవాడికి అదే నంబరు, అదే పేరు ఇచ్చేసేవాళ్లు. పేజీ కొట్టేసేవాళ్లు కాదు. మీరు జిరాక్సు తీసుకున్నది మొదటి పిల్లాడి పేజీ. వాడు రెండో ఏట జ్వరంతో పోయాడు. మీ నాన్నగారు ఆ తర్వాత వచ్చారు. ఆయన తల్లి ఎవరో ఎక్కడా రాయలేదు."

"మరి ఆ మొదటి పిల్లాడి తల్లి?"

గుమస్తా రెండో పుస్తకం తిప్పాడు. "నెలకోసారి వచ్చేది. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, కిటికీలోంచి చూసుకుని వెళ్లేది. పిల్లాడు పోయాక కూడా వచ్చింది. పోయాడని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు కాబోలు. పిల్లలందరికీ గుండ్లే, అందరివీ ఒకేలాంటి చొక్కాలు. దూరం నుంచి మీ నాన్నగారి నంబరు చూపించి పంపేశారు. ఆ తర్వాత ఆవిడ రాలేదు."

"ఆ పిల్లాడిని ఎక్కడ పాతిపెట్టారు?"

"రాయలేదమ్మా."

ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. నాన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. వారం రోజులుగా పక్క మీదినుంచి లేవని మనిషి. తల తడిగా ఉంది, చక్కగా పక్క పాపిడి తీసి ఉంది. చొక్కా గుండీలు మెడదాకా పెట్టి ఉన్నాయి. గదినిండా పాల వాసన.

"తల ఎవరు దువ్వారు నాన్నా?"

నాన్న నవ్వాడు. "అమ్మ వచ్చింది. చోటు దొరికిందట. తీసుకెళ్తానంటోంది."

నిజం చెప్తే నాన్న గుండె పగులుతుంది. చెప్పకపోతే... ఎవరో తెలియని ఆవిడ వెంట, ఇంకెవరి కొడుకుగానో వెళ్లిపోతాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నాన్న చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పింది.

"నాన్నా... ఆవిడ మీ అమ్మ కాదు."

నాన్న నవ్వు పోయింది. ఎండిన చేత్తో ఆవిడ నోరు మూశాడు.

"తెలుసమ్మా," అన్నాడు, వినీ వినబడనట్టు. "మొదటిరోజే తెలిసింది. నన్ను చూసి పుట్టుమచ్చ వెతుక్కుంది... లేదు. అయినా అమ్మా అన్నాను. నాకు ఇంకెవరున్నారు చెప్పు? నువ్వు గట్టిగా అనకు. ఆవిడకి తెలియనివ్వకు..."

గదిలో వాసన ఆగిపోయింది. తగ్గడం కాదు. ఆగిపోయింది.

వీధిలో చప్పుళ్లు లేవు. నాన్న ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. అంతలో ఎవరో చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా అడిగారు.

"మరి నా బిడ్డేడీ?"

ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

మళ్లీ నాన్న వైపు చూసింది. నాన్న గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. ఆయన చూస్తున్నది తలుపు వైపు కాదు, కిటికీ వైపు కాదు. ఆవిడ నోటి వైపు.

ఆవిడ చెయ్యెత్తి పెదాలు తడుముకుంది. గడ్డం మీదుగా మెడదాకా తడిగా ఉంది... నోటినిండా ఊరుతూనే ఉంది.