బాపు ఒప్పుకున్న దొంగతనం

పోచంపల్లిలో గండయ్య ఇంట్లో తెల్లవారిందంటే మగ్గం చప్పుడు వినిపించాల్సిందే. ఆ పొద్దు వినిపించలేదు. నిన్న మగ్గం మీంచి కోసి మడతపెట్టిన పట్టుచీర కనపడక, గండయ్య ఇల్లంతా వెతుకుతున్నాడు.

కూతురు సింధూజ డ్యూటీకి భువనగిరి బయల్దేరుతోంది. ఆమె క్రైం ఎస్సై అయి నెల కూడా కాలేదు. "మా బిడ్డ డిటెక్టివ్" అని గండయ్య చాయ్ హోటల్లో చెప్పని మనిషి లేడు. మొదటి కేసు కూడా నిన్ననే తేలిపోయింది. పెళ్లింట్లో గొలుసు పోతే, వంటకొచ్చిన ఐలేశం తానే తీశానని ఒప్పుకున్నాడు. గొలుసు మాత్రం ఇంకా దొరకలేదు. ఇవాళ అతన్ని కోర్టుకు పంపితే ఇక జైలే.

ఆ ఊపులోనే తండ్రిని అడగడం మొదలుపెట్టింది. చీరను చివరగా ముట్టిందెవరు, తలుపు గడియ తీసిందెవరు, రాత్రి ఎందుకు లేచాడు. గండయ్య తడబడ్డాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకుందామె. అడిగిందే మళ్లీ అడిగింది, మరింత మెల్లగా, కళ్లలోకి చూస్తూ.

"నేనే తీసిన బిడ్డా," అన్నాడు చివరికి.

సింధూజకు ముందు బాధ కలగలేదు. నిజం రాబట్టానన్న తృప్తి కలిగింది. కన్నతండ్రి ముందు అలా అనిపించడమేమిటో! "ఎవరికిచ్చినవ్?" అంది.

అంతలో తల్లి లక్ష్మీనర్సమ్మ చీర చంకన పెట్టుకుని వచ్చింది. పక్కింటి గుర్వమ్మ కోడలికి అంచు చూపిద్దామని పొద్దున్నే తీసుకుపోయిందట. మాటల్లో పడి ఆలస్యమైందట. ఇద్దరి ముఖాలూ చూసి ఏమైందని అడిగింది.

"తియ్యనిది తీసిననని ఎందుకన్నవ్ బాపు?" అంది సింధూజ.

"లేదంటే నువ్వు ఇంటలేవు. అవునంటెనన్న ఇడుస్తవనుకున్న. నువ్వు గట్ల అడుగుతాంటే, నేనే తీసిన్నేమోనని నాకే అనిపించింది."

సింధూజ మగ్గం గుంట అంచున కూలబడింది. ఐలేశం కూడా మొదట లేదు లేదనే అన్నాడు. పొద్దుగూకేసరికి అవునన్నాడు. ఆ వెంటనే, "ఇగ ఇంటికి పోవచ్చునా మేడం?" అని అడిగాడు. స్టేషన్‌లో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అది తండ్రికి చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. గండయ్య తల నిమిరాడు గానీ, నీ తప్పేం లేదని మాత్రం అనలేదు. కళ్లు తుడుచుకుని ఆమె స్టేషన్‌కు ఫోన్ చేసింది. ఐలేశాన్ని కోర్టుకు తీసుకుపోవద్దని, తాను వచ్చి మళ్లీ మొదటి నుంచి చూస్తానని చెప్పింది.

"ఆయనకు పిల్లలున్నరా బిడ్డా?" అని అడిగాడు గండయ్య.

నిన్న పొద్దంతా అతన్ని ప్రశ్నలడిగిన సింధూజకు ఆ సంగతి తెలియదు.