పదకొండో భాష

"మీ భాషలో చెప్పండి. మీరు చెప్పిన ప్రతి మాటా ఒక మనిషి వింటాడు. ఒక్క రోజులో మీ భాషలోనే జవాబు వస్తుంది."

ఈ మూడు వాక్యాలూ రాసింది అతనే. రాసినరోజు కళ్ళు చెమర్చాయి కూడా. బస్‌స్టాపుల్లో, మందుల షాపుల్లో, ఆసుపత్రి మెట్ల దగ్గర పది భాషల్లో అచ్చువేసి అంటించారు. పదకొండో భాషకు లిపి లేదు. అందుకని ఆ పోస్టరు మీద ఒక చెవి బొమ్మా, ఒక ఆకుపచ్చ బొత్తం బొమ్మా వేసి ఊరుకున్నారు. రేవు వెనకాల చేపలు ప్యాక్ చేసే షెడ్లలో పనికి వచ్చినవాళ్ళ భాష అది. మొత్తం నాలుగు వందల ఇళ్ళు ఉంటాయేమో.

యాప్‌లో ఆ బొత్తం నొక్కి, ఒంట్లో ఏం బాగాలేదో నోటితో చెబితే చాలు. చదువు అక్కర్లేదు. ఆఫీసులో భాషకొకరు కూర్చుని విని, నర్సుకు చెప్పి, తిరిగి ఫోన్ చేస్తారు. ఆరోగ్యం దానం కాదు, హక్కు. వినడం సేవ కాదు, న్యాయం. ఇలాంటివి అతని నోట్లో ఎప్పుడూ నానుతూనే ఉండేవి. ఆఫీసులో అతనికి "ఉపన్యాసం" అని పేరు పెట్టారు. అతను గుమ్మంలో కనబడగానే, వైర్లూ కంప్యూటర్లూ చూసే టెక్నీషియన్, "ఉపన్యాసం వచ్చాడు, కుర్చీలు సర్దండ్రా" అనేవాడు. అతను కోప్పడేవాడు కాదు. నవ్వేవాళ్ళను చరిత్ర చూసుకుంటుందని ధీమా.

పదకొండో భాష వినడానికి పెట్టుకున్న అమ్మాయి రెండో వారంలోనే మానేసింది. షెడ్డులోనే జీతం ఎక్కువట. వెళ్తూ వెళ్తూ, ఇంకొకరు దొరికేదాకా పనికొస్తుందని తన భాషలో ఒక జవాబు రికార్డు చేసి ఇచ్చింది. మాటలు అతనే రాసిచ్చాడు. "మీ మాట విన్నాం. నీళ్ళు తాగుతూ పడుకోండి. తలుపు గడియ వెయ్యకండి. మీ ఇంటికి వస్తున్నాం."

ఇంకొకరు దొరకలేదు. దొరకలేదంటే, అతను వెతకలేదు.

గోడమీద పెద్ద స్క్రీన్ ఉండేది. పదకొండు భాషలకు పదకొండు పట్టీలు. వినని మెసేజి ఉంటే పట్టీ ఎర్రగా ఉంటుంది. వింటే పచ్చబడుతుంది. గ్రాంటు ఇచ్చేవాళ్ళు చూడవచ్చేలోగా అన్నీ పచ్చగా ఉండాలని డైరెక్టరుగారు మెత్తగా చెప్పింది. కానీ ఆ సాఫ్ట్‌వేర్ మొండిది. మెసేజి మొదట్నుంచి చివరిదాకా నడిస్తే తప్ప "విన్నాం" అని ఒప్పుకోదు. మోసం జరగకుండా ఆ నిబంధన పెట్టించిందీ అతనే.

దానికి దారి కనిపెట్టిందీ అతనే. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వినే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. శబ్దం సున్నా చేసి, హెడ్‌ఫోన్ తీసి బల్ల కింది మూడో సొరుగులో పెట్టి మూసేసేవాడు. మెసేజీలు వరసగా నడుస్తూ ఉండేవి. అతను టీ తాగేవాడు, ఈలపాట పాడుకునేవాడు, అక్కకు ఫోన్ చేసేవాడు. అరగంటలో అంతా పచ్చ. అందరికీ ఒకటే జవాబు వెళ్ళిపోయేది.

నాలుగు వారాలు అలా నడిచింది. ముప్పై ఏడు మెసేజీలు.

ఐదో వారం శనివారం సాయంత్రం మీటింగులో క్లినిక్కు నర్సక్క ఒక మాట చెప్పింది. షెడ్ల వీధిలో ఒక బాలింత గురువారం తెల్లారుజామున చనిపోయిందట. కాన్పయిన ఆరో రోజున జ్వరం మొదలైందట. ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదని అత్తగారిని అడిగితే, "ఫోన్‌వాళ్ళు వస్తామన్నారు, వచ్చేదాకా ఆగాం" అందట.

టెక్నీషియన్ వెంటనే ఆమె ఫోన్ నంబరు కొట్టి చూశాడు. ఎనిమిది మెసేజీలు. ఎనిమిదీ పచ్చ. విన్నాం, జవాబిచ్చాం. మన తప్పేం లేదన్నాడు. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డైరెక్టరుగారు పాపం అంది. రోజూ గంటసేపు మాట్లాడే ఉపన్యాసం ఆ పూట అందరికంటే ముందు లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పద్దెనిమిదో తేదీ, ఆదివారం. మధ్యాహ్నం రెండింటికి అతను ఆఫీసుకు వెళ్ళాడు. నిజం ఒప్పుకోవడానికి కాదు. ఆ ఎనిమిదీ చెరిపేయడానికి.

వినే గదికి కిటికీలు లేవు. బయటి చప్పుడు రాకుండా గోడల నిండా మెత్తటి దూది పలకలు అంటించారు. తలుపు మూస్తే మిట్టమధ్యాహ్నమైనా అక్కడ చీకటే. పాత కార్పెట్ వాసన, చల్లారిన టీ వాసన. పైన ఫ్యాను ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమనేది. అది తప్ప ఇంకేం వినబడదు. నీ ఊపిరి నీకే పెద్దగా వినిపిస్తుంది.

కంప్యూటర్ తెరిచాడు. ఆమె నంబరు కొట్టాడు.

తొమ్మిది మెసేజీలున్నాయి.

నిన్న ఎనిమిదే కదా... తొమ్మిదోది ఎర్రగా మెరుస్తోంది. వచ్చిన రోజు, శనివారం. టైము, అర్ధరాత్రికి కొన్ని నిమిషాల ముందు. గురువారం పోయిన మనిషి. ఫోన్ ఎవరి దగ్గరో ఉండి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు. చెరపబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. వినని మెసేజి ఉన్నంతవరకు ఆ నంబరు మీద దేన్నీ చెరపనివ్వదు.

అలవాటైన పనే చేశాడు. శబ్దం సున్నా. హెడ్‌ఫోన్ మూడో సొరుగులోకి. సొరుగు మూసి, నొక్కాడు.

నిమిషంన్నర నడిచింది. ఆగింది. ఎరుపు పోలేదు.

మళ్ళీ నొక్కాడు. ఎరుపు పోలేదు.

మూడోసారి నొక్కినప్పుడు సొరుగులోంచి చిన్న చప్పుడు వచ్చింది. గోరుతో చెక్కను గీకినట్టు. ఎలుకేమో అనుకున్నాడు. మోకాలికి జానెడు దూరంలో... మళ్ళీ. ఈసారి నెమ్మదిగా, పక్కనున్నవాళ్ళను పిలవడానికి తట్టినట్టు.

సొరుగు లాగాడు. హెడ్‌ఫోన్ ఒక్కటే ఉంది. చెవులకు ఆనే మెత్తలు వెచ్చగా ఉన్నాయి. ఇంతసేపూ ఎవరో పెట్టుకుని, ఇప్పుడే తీసినట్టు.

అయినా పెట్టుకున్నాడు. మొదటి మెసేజి నుంచీ వరసగా వింటే ఈ పీడ వదులుతుందేమో అనిపించింది. శబ్దం పెంచి, ఐదు వారాల్లో మొట్టమొదటిసారి విన్నాడు.

ఆడగొంతు. చిన్న వయసే. మాట ఒక్కటీ తెలియలేదు గానీ, మర్యాద తెలిసింది. ఎవరో పెద్దవాళ్ళ ముందు నిలబడి చెప్పుకుంటున్నట్టు మాట్లాడుతోంది. వెనకాల పసిబిడ్డ ఏడుపు. రెండో మెసేజిలో ఆయాసం. మూడోదానిలో పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాలుగు, ఐదు... మాటలు తగ్గుతున్నాయి, ఊపిరి పెరుగుతోంది.

ఆరోదానిలో బిడ్డ ఏడుపు లేదు. వెనకాల ఇంకేదో చప్పుడు. టక్... టక్... టక్... తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. రెండూ ఒక్కసారే పడుతున్నాయి.

ఏడోదానిలో ఎవరో ఈలపాట పాడుతున్నారు. ఆ పాట అతనికి తెలుసు.

ఎనిమిదోదానిలో ఆమె గొంతు బాగా దగ్గరికి వచ్చింది. చెక్కకు నోరు ఆనించి మాట్లాడుతున్నట్టుంది. ఆ గొంతు మీదుగా, చెక్కకు అవతల నుంచి, ఒక మగగొంతు నవ్వుతూ అంది.

"ఏం పని లేదక్కా... ఖాళీగానే ఉన్నా, చెప్పు."

అది తన గొంతే.

హెడ్‌ఫోన్ లాగి పడేశాడు. లేవబోయాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది. కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి గుమ్మంలో బకెట్టూ తుడుపుకర్రా పట్టుకుని అవ్వ నిలబడి ఉంది.

ఆ ఆఫీసు తుడిచే ముసలమ్మ. ఆదివారాలు కూడా వస్తుందన్న సంగతి అతనికి తెలియదు. రోజూ పొద్దున్నే ఆమెకు వంగి దండం పెట్టి, శ్రమకు వందనం అనేవాడు. ఆమె నవ్వి పక్కకు తప్పుకునేది. కింద పడిన హెడ్‌ఫోన్‌లోంచి సన్నగా గొంతు వస్తోంది. అవ్వ తల పక్కకు వంచి వింది. బకెట్టు కింద పెట్టింది.

"ఈ పిల్ల నీకెలా తెలుసు?" అంది.

"అవ్వా... నీకు ఈ మాటలు అర్థమవుతున్నాయా?"

"మా మాటలే కదా నాయనా. నాకు అర్థం కాక?"

అతను వెతకని మనిషి ఇక్కడే ఉంది. ఐదు వారాలు. ఈ గదికి పదడుగుల దూరంలో, ఈ గోడకు అవతల. మెల్లగా, ఒక్కరోజైనా ఎందుకు చెప్పలేదు అవ్వా అన్నాడు.

"రోజూ దండం పెడతావు," అంది అవ్వ. కోపం లేదు ఆ గొంతులో, అదే భరించలేకపోయాడు. "మీ మాట ఏది అని ఒక్కరోజు అడిగావా?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. హెడ్‌ఫోన్ తీసుకుని, మెసేజీలు పెట్టమంది. అతను పెట్టాడు. ఒక్కో మెసేజీ విని, ఆగి, ఏ ముక్కా కలపకుండా చెప్పింది. జ్వరం అంటోంది. పొత్తికడుపు కోస్తున్నట్టుందట. మైలగుడ్డ వాసన వస్తోందట, అది మామూలేనా అని అడుగుతోంది. మీ జవాబు వచ్చింది, దండాలు అంటోంది. నీళ్ళు తాగుతున్నానంటోంది. తలుపు తీసే ఉంచాను, చలేస్తోంది, అయినా తీసే ఉంచాను అంటోంది.

ఎనిమిదోది విన్నాక అవ్వ హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమంటోంది అవ్వా?"

"చీకటిగా ఉందట. పక్కనే ఉన్నారు, నవ్వుతున్నారు, ఎంత పిలిచినా పలకడం లేదు అంటోంది."

ఫ్యాను టక్కుమంటోంది. అతను గోడకు జారగిలబడ్డాడు. చెప్పేశాడు. శుక్రవారాలూ, సొరుగూ, టీ, అన్నీ. అవ్వ తిట్టలేదు. మొన్న ఆ పిల్లకు చివరి స్నానం తనే చేయించిందట. బిడ్డ పక్కింటివాళ్ళ దగ్గర పాలు తాగుతోందట. అంతే చెప్పింది.

"ఇంకోటుంది," అన్నాడు. "నిన్న వచ్చింది."

"ఎలా వస్తుంది? ఆ ఫోన్ నీళ్ళ తొట్టిలో పడి చచ్చిందిగా. నేనే తీశాను."

అయినా హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అతను నొక్కాడు. అవ్వ మొహంలో రంగు మారడం స్క్రీను వెలుగులో కనబడింది. పది సెకన్లు కూడా గడవలేదు. తీసి, రెండు చేతులతో అతని ముందుకు చాపింది.

"ఇది నాకు కాదు నాయనా. నీకే. మీ మాటలోనే చెబుతోంది. నువ్వే విను."

పెట్టుకున్నాడు.

అదే గొంతు. అదే మర్యాద. వెనకాల ఏ చప్పుడూ లేదు, ఊపిరి కూడా లేదు. ఒక్కో మాటా స్పష్టంగా, తడబాటు లేకుండా, అతని భాషలో...

"మీ మాట విన్నాం... నీళ్ళు తాగుతూ పడుకోండి... తలుపు గడియ వెయ్యకండి... మీ ఇంటికి వస్తున్నాం."

స్క్రీను మీద ఎరుపు పచ్చబడింది.

అవ్వ తన చెయ్యి అతని చేతుల మీద వేసింది. మిగిలినవాళ్ళవి పెట్టు అంది. ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి కదా, వాళ్ళ తలుపులూ తీసే ఉంటాయి కదా అంది.

సాయంత్రం దాకా విన్నారు. అవ్వ చెబుతుంటే అతను రాసుకున్నాడు. కాలు నల్లబడుతున్న ముసలాయన ఒకడు. మూడు వారాలుగా దగ్గుతున్న పిల్ల ఒకతె. నర్సక్కకు ఫోన్ చేస్తే, ఎవరెవరు ఎప్పట్నుంచి అని ఒక్కమాట అడిగి, బండి తీసుకుని షెడ్ల వీధికి పరుగెత్తింది. అవ్వ కూడా దారి చూపడానికి వెళ్ళింది. వెళ్ళేముందు గది తలుపు బార్లా తీసి, అది మూసుకోకుండా బకెట్టు అడ్డం పెట్టింది.

ఒంటరిగా కూర్చుని అతను కంప్యూటర్‌లో ఉత్తరం రాశాడు. డైరెక్టరుకూ, గ్రాంటు ఇచ్చినవాళ్ళకూ, ఆరోగ్యశాఖకూ. ఈసారి నినాదం ఒక్కటీ పడలేదు. నేను వినలేదు, విన్నట్టు రాశాను, ఒక మనిషి చనిపోయింది అని రాశాడు. పచ్చపట్టీ చూసి మీరెవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు అనీ రాశాడు. ఆ ముప్పై ఏడు మెసేజీలు వచ్చిన ఇళ్ళకు ఎవరు వెళ్తారు, ఆ బిడ్డకు ఎవరు జవాబుదారీ, అవ్వలాంటివాళ్ళను వినే కుర్చీలో ఎప్పుడు కూర్చోబెడతారు? ముప్పయ్యో తేదీలోగా రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. పెద్ద ఆఫీసులు కదా, పన్నెండు రోజులైనా ఇవ్వాలనుకున్నాడు. రెండుసార్లు చదివి పంపాడు.

ఐదు నిమిషాల్లో డైరెక్టరుగారు ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉంది. చేసిన తప్పు ఒప్పుకున్నావు, సరే, కానీ ఇంత తక్కువ వ్యవధి ఇస్తే ఎలా అంది. పన్నెండు రోజులిచ్చాను కదండీ అన్నాడు.

"ఉత్తరం ఇంకోసారి చూసుకో," అని పెట్టేసింది.

ఆ ఉత్తరం అతనికీ వచ్చి ఉంది. తనకు తను పంపుకోలేదు. అందుకున్నవాళ్ళ వరసలో మొదటి పేరు అతనిదే. తెరిచాడు. మాటలన్నీ తనవే, తొందరలో దొర్లిన అక్షరదోషంతో సహా. చివరి వాక్యం ఒక్కటే తను రాసింది కాదు.

"మీరు మాటిచ్చినట్టే ఒక్క రోజులో, ఈ నెల పంతొమ్మిదో తేదీ తెల్లవారేలోగా, జవాబు కావాలి."