ఈ ఒక్క పాట

కొడుకు గొంతు పోయిన రోజు దయామణి ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరుగుతోంది. కొడుకు ప్రభాత్ చనిపోయి ఏడాదైంది. ప్రార్థన అయ్యాక, వాడు చిన్నప్పుడు కట్టి పాడిన పడవ పాట పెట్టబోయింది. ఫోన్‌లో పాట లేదు. అది ఉండాల్సిన చోట తెల్లటి గడి. చుట్టాల ఫోన్లలోనూ అంతే.

"నీ జల్లెడ పనేనా ఏంటి వదినా?" అంది ఆడపడుచు రూతు. "దొంగల్ని పట్టమంటే మన పిల్లోణ్ణి పట్టిందా?"

2068 నాటి కాకినాడలో హక్కుజల్లెడ తెలియనివాళ్లు లేరు. ప్రతి పాటకూ, బొమ్మకూ, రాతకూ అది ఎవరిదో చెప్పే స్వామ్యముద్ర ఒకటి ఉంటుంది. హక్కుదారు అనుమతి లేని కాపీని జల్లెడ ఇంటర్నెట్‌లోనే ఆపేస్తుంది. ఆ ఉదయమే కొత్త చట్టం దాన్ని సొంత ఫోన్లలోకీ పంపింది. దాన్ని కనిపెట్టింది దయామణే.

ఆమె ప్రయోగశాలకు వెళ్లి జల్లెడను నడిపే యంత్రాన్ని అడిగింది. "ప్రభాత్ పాటకు హక్కుదారు ఎవరు?"

"నమూనా వ్యక్తి."

పక్కనున్న సహచరుడు సొలొమోను తల పట్టుకున్నాడు. "మొదటి పరీక్షకి బాబు పాటే ఎక్కించాం కదండీ. హక్కుదారని ఏదో పేరు కొట్టేసి, తీయడం మర్చిపోయాం."

లేని మనిషి అనుమతి ఇవ్వలేడు.

"దీన్ని వదిలెయ్. ఈ ఒక్కటే," అంది దయామణి.

"ఉదయం నుంచి చాలామంది ఇదే అడిగారు," అంది యంత్రం. "అమ్మ గొంతు. పెళ్లి వీడియో. మూతపడిన బడి పాఠాలు. చట్టసభలో మీరు చెప్పిన జవాబే అందరికీ చెప్పాను. దొంగ కూడా 'ఈ ఒక్కటే' అంటాడు."

సొంత జ్ఞాపకాలకూ చదువుకూ జల్లెడ అడ్డురాకూడదని సొలొమోను అప్పట్లోనే చట్టం ముసాయిదాలో ఒక మినహాయింపు రాశాడు. పైరసీకి అదే కన్నమవుతుందని ఆమె కొట్టేసింది.

"ఇప్పుడైనా పెడదామండీ. అందరికీ వర్తిస్తాది."

"ముందు నా పాట తియ్యి."

చెరిపినవన్నీ దాచే నిల్వను అతను తెరిచాడు. ఇంటర్నెట్‌తో సంబంధం లేని పాత రికార్డర్‌లోకి ఆమె పాటను దింపుకుంది. అనుమతి లేని కాపీ. చివరిదాకా విన్నది. రెండో చరణంలో వాడు ఎప్పటిలాగే దగ్గాడు.

"మరి మిగతావాళ్లవండీ?"

"మూసెయ్. ఎవరైనా చూస్తారు."

"ఈ కాపీని ఏమని నమోదు చెయ్యాలి?" అని యంత్రం అడిగింది.

ఆమె రికార్డర్‌ను సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది.

సాయంత్రం రూతు, చుట్టాలు మళ్లీ కూర్చున్నారు. తలుపులు వేసుకుని పాట విన్నారు.

సొలొమోను రాసిన మినహాయింపు ఇంకా చట్టంలో చేరలేదు.