చిన్నోడి కీ

మధ్యాహ్నం మూడైంది. ఆయన ఆఫీసులో, పాప బడిలో. ఇంట్లో నేనొక్కదాన్నే. బయట ముసురు పట్టింది. కిటికీ అద్దం మీద చినుకుల చప్పుడు, పైన ఫ్యాను కిర్రుమనడం తప్ప ఇంకేం లేదు.

నేను వాడే ల్యాప్‌టాప్ మా తమ్ముడిది. ఇద్దరం ఒకే కంపెనీ. ఏడు నెలల క్రితం వాడి బైకుని లారీ గుద్ది, వాడు పోయాడు. ఇంట్లోనే కాదు, ఆఫీసులోనూ వాడు చిన్నోడే. సర్వర్‌లో అకౌంటు పేరూ అదే.

ఆఫీసు సర్వర్‌కి ఒకటి, క్లయింటు సర్వర్‌కి ఒకటి, కొత్తగా రెండు ఎస్‌ఎస్‌హెచ్ కీలు చేసుకున్నాను. మనమెవరమో సర్వర్ గుర్తుపట్టేది ఆ కీతోనే. ఎక్కడ ఏది చూపించాలో కాన్ఫిగ్ ఫైల్లో రాశాను. ఐదింటికల్లా కోడ్ పంపాలి.

ఆఫీసు సర్వర్ నా పేరుతో పలకరించింది. క్లయింటు సర్వర్ మాత్రం...

"హాయ్, చిన్నోడు."

ల్యాప్‌టాప్‌లో వాడి పాత కీ మిగిలిపోయి ఉంటుందనుకుని వెతికాను. ఉంది. చెరిపేస్తుంటే వాడి చెయ్యి విడిపించుకుంటున్నట్టు అనిపించింది. నా కీ తప్ప ఇంకేదీ చూపించొద్దని ఫైల్లో రాసి, మళ్ళీ ప్రయత్నించాను.

"హాయ్, చిన్నోడు."

సర్వర్లు చూసే పెద్దాయనకి ఫోన్ చేశాను. మేమంతా సర్వర్ అన్న అంటాం.

"వాడి అకౌంటు ఆ వారమే తీసేశామమ్మా," అన్నాడు. కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత గొంతు తగ్గించాడు. "లోపలే ఉన్నాడు... మీ ఇంటి నుంచే. పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరన్నా."

ఫోన్ చెవికి ఆనించుకునే లేచి నెట్ వైరు పీకేశాను. కాలిన రబ్బరు వాసన... సన్నగా.

వెనక్కొచ్చి చూస్తే, తెరిచి ఉన్న ఫైల్లో అక్షరాలు పడుతున్నాయి. ఒక్కొక్కటే. ఆగి ఆగి.

"అక్కా... ఫోన్ పెట్టెయ్. అది అన్న కాదు."

రెండోసారి చదివాను.

"చదివేశావా?" అంది ఫోన్లో గొంతు, మెల్లగా.

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. కాల్ ఎప్పుడో తెగిపోయి ఉంది.

గొంతు మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది... "పాప బడి ఎన్నింటికి వదుల్తారమ్మా?"